అనంతపురం మీద గాలిలో తేమ: ఇన్‌శాట్ మేలా, మోడిస్ మేలా?

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే అనంతపురం, కడప, కర్నూలు పిల్లల నుంచి ఒకటే ప్రశ్న: "సార్, నీటి ఆవిరికి ఇన్‌శాట్ డేటా తీసుకోమంటారా, మోడిసా?" ఇన్‌శాట్ మన దేశపు వాతావరణ ఉపగ్రహాల వరస, మోడిస్ నాసా ఉపగ్రహాలు టెర్రా, ఆక్వాల మీదున్న పరికరం. మొదటిదాని డేటా ఇస్రో సైట్ మోస్‌డాక్‌లో, రెండోదానిది నాసా సైట్లో, రెండూ ఉచితంగానే దొరుకుతాయి. ఖర్చు తేడా లేదు కాబట్టి పనితనం చూసే తేల్చుకోవాలి.

గంట గంటకూ మార్పు కావాలంటే ఇన్‌శాట్‌కు సాటి లేదు. 2016లో వెళ్లిన ఇన్‌శాట్-3డీఆర్, 2024లో వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ రాత్రీ పగలూ మన వైపే చూస్తుంటాయి. సాయంత్రం ఉరుముల వానకు ముందు మధ్యాహ్నం తేమ ఎలా పేరుకుందో చూడాలంటే ఇదే దిక్కు. అయితే ఇవి చూసేది పరారుణంలో, అంటే కంటికి కనబడని వేడి వెలుగులో. అందులో నేలకూ దాని పైగాలికీ వేడిలో తేడా ఉంటేనే కింది తేమ పట్టుబడుతుంది. మే మధ్యాహ్నం ఆ తేడా బాగా ఉంటుంది, తెల్లవారుజామున ఉండదు. మొత్తం తేమలో సగానికి పైగా ఉండేది కింది రెండు కిలోమీటర్లలోనే మరి.

మోడిస్ నేల మీద పడి తిరిగి పైకి వెళ్లే ఎండను చూస్తుంది. 0.94 మైక్రాన్ల దగ్గర ఆవిరి ఎంత వెలుగు మింగిందో పక్క చానళ్లతో పోల్చి లెక్కగడుతుంది. మన ఎర్రనేలలు, ఎండిన బీళ్లు ఈ వెలుగును బాగా తిప్పికొడతాయి కాబట్టి రాయలసీమలో ఇది చక్కగా పనిచేస్తుంది. ఒక్కో గడి కిలోమీటరే, పొరపాటు 5–10 శాతం. కానీ పగలు మాత్రమే, టెర్రాతో ఒకసారి, ఆక్వాతో ఒకసారి. వాటి కక్ష్యలు ఈమధ్య జరుగుతున్నాయి, పాత లెక్కన ఉదయం 10:30, మధ్యాహ్నం 1:30 అని గుడ్డిగా రాయకుండా ఫైల్లో ఉన్న సమయమే తీసుకోండి.

మైక్రోవేవ్ తరంగాలతో చూసే ఉపగ్రహ పరికరాలు సముద్రం మీద బాగుంటాయి, నేల మీద మొత్తం తేమకు అంతగా పనికిరావు. మేఘా ట్రాపిక్స్ ఉపగ్రహం మీది అలాంటి పరికరం సఫీర్ పొరలవారీ తేమకు మంచిదే గానీ ఆ ఉపగ్రహాన్ని 2023లో ఇస్రో కిందికి దించేసింది.

నా దృష్టిలో అసలు తేల్చేది మబ్బు. జులై, ఆగస్టుల్లో మనకు మబ్బు పడుతుంది, వాన పడదు. మబ్బు కింద ఏముందో ఈ రెండింటికీ కనబడదు. మోడిస్ అయితే అప్పుడు కూడా ఒక అంకె ఇస్తుంది, అది మబ్బు పైనున్న తేమ మాత్రమే. ఫైల్లోని మబ్బు గుర్తులు చూసి దాన్ని తీసేయకపోతే పట్టిక మొత్తం చెడిపోతుంది. తీసేస్తే మిగిలేవి తెరిపి రోజులు, అంటే తేమ తక్కువ రోజులు. వాటితో కట్టిన నెల సగటు అసలు కన్నా పొడిగా వస్తుంది.

అందుకే ఉపగ్రహ అంకెలను సరిచూడటానికి గాలిలోకి వదిలి తేమ కొలిచే బెలూన్ కన్నా నేల మీది జీపీఎస్‌కే నా ఓటు. పైనున్న ఆవిరంతా నీరైతే ఎంత మందం ఉంటుందో ఆ లెక్కన అది ఒక మిల్లీమీటరు పెరిగితే నడినెత్తి నుంచి వచ్చే సిగ్నల్ సుమారు ఆరున్నర మిల్లీమీటర్ల మేర ఆలస్యమవుతుంది. మబ్బున్నా, రాత్రయినా కొద్ది నిమిషాలకోసారి లెక్క వస్తుంది, తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. బెలూన్ ఎగిరేది మామూలుగా ఉదయం, సాయంత్రం 5:30కి, ఆక్వా మధ్యాహ్నం చూసినదానికి కొన్ని గంటల దూరం.

బెంగళూరు ఐఐఎస్‌సీలో, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో ఎప్పటి నుంచో జీపీఎస్ స్టేషన్లున్నాయి. ఉపగ్రహ విలువ కూడా ఆ స్టేషన్ మీదిదే తీసుకోండి, అనంతపురానిది కాదు. బెంగళూరు మనకన్నా 550 మీటర్లకు పైగా ఎత్తు. ఘనపు మీటరుకు 15 గ్రాముల ఆవిరి ఉన్నా, ఆ మందంలోనే 8 మిల్లీమీటర్ల తేమ ఉంటుంది. ఎత్తు మరిచిపోయి పోలిస్తే ఆ నింద ఉపగ్రహం మీద పడుతుంది.

ఉపగ్రహానికీ జీపీఎస్‌కీ కోరిలేషన్ (రెండు వరసలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.9 వచ్చిందని ఆగిపోవద్దు. ఎండాకాలానికీ వానాకాలానికీ తేడా పెద్దది కాబట్టి అది ఎలాగూ వస్తుంది. నెలవారీగా విడదీసి, జులైలో జీపీఎస్ అన్ని రోజుల సగటు, ఉపగ్రహానికి తెరిపి దొరికిన రోజుల జీపీఎస్ సగటు పక్కపక్కన పెట్టండి. మబ్బు వల్ల ఎంత పొడి చేరిందో ఆ రెండంకెల తేడానే చెబుతుంది. తెరిపి రోజుల మ్యాపుకు నేను మోడిసే వాడతాను, ఆ తేడాను మాత్రం మ్యాపు కిందే రాస్తాను.