రంపం బ్లేడుతో చేసిన పిక్కు, రెండేళ్లు వాడాక

తాళంచెవి లేకుండా తాళం తీయడం నా సరదా. అందుకోసం అరిగిపోయిన హ్యాక్సా బ్లేడుతో చేసుకున్న నా హుక్కు (కొన వంపు తిరిగిన పిక్కు, అంటే తాళంలోని పిన్నులని ఎత్తే సన్నటి ఉక్కు పుల్ల) గురించి ఎవరడిగినా "కొన్న సెట్టు దీని ముందు దిగదుడుపే" అనేవాణ్ణి. రెండేళ్లయింది. ఆ మాటని కాస్త సవరించుకోవాలి.

దీంట్లో నాకు పిచ్చిగా నచ్చింది ఒక్కటే, ఆ టిక్కు. తాళంలోని చిన్న కడ్డీ, అదే పిన్ను, షియర్ లైను (తిరిగే సిలిండరుకీ దాని చుట్టూ ఉన్న గూటికీ మధ్య హద్దు) దగ్గర కుదరగానే సిలిండరు వెంట్రుకవాసి తిరుగుతుంది. పిడికి తొడుగు లేదు కాబట్టి ఆ కదలిక ఉక్కులోంచి నేరుగా వేలికి వచ్చేస్తుంది. అయితే మొదటి నెలంతా నాకది తెలియనే లేదు. ఆకురాయి గీతలు అలాగే వదిలేశాను మరి. పిక్కు కదిపినప్పుడల్లా అవి పిన్నులకు గీసుకుని ఒకటే గరగర. ఆ గరగరనే టిక్కు అనుకుని పక్క పిన్నుకు వెళ్లడం, మళ్లీ మొదటికి రావడం. విసుగొచ్చి ఒక సాయంత్రం 400, 1000, 2000 నంబరు ఎమరీ కాగితాలు తడిపి వరసగా రుద్దాను, పిక్కు మెడ పొడవునా తప్ప అడ్డంగా కాదు. మర్నాడు అదే తాళంలో స్పూల్ పిన్ను (పిక్కుని ఏమార్చడానికి నడుం సన్నగా చేసిన పిన్ను) ఎత్తుతుంటే సిలిండరు వెనక్కి తోసుకురావడం టెన్షన్ రెంచి (సిలిండరుని తిప్పేవైపు నొక్కిపట్టే పట్టీ) మీదున్న వేలికి మొదటిసారి తెలిసింది. గంతేశాను.

ఆ ఉత్సాహంలోనే తప్పు చేశా. వాడకంలో ఉన్న తాళం జోలికి పోకూడదన్నది ఈ సరదాలో మొదటి నియమం. మాదే కదా అని మా సొరుగు తాళంలో పెట్టాను. నాలుగో పిన్ను బిగుసుకుంది, కాస్త బలంగా ఎత్తాను, మెడ పుటుక్కుమంది. కొన లోపలే ఉండిపోయింది, తాళంచెవి కూడా దూరదు. చేతిలో మిగిలిన ముక్కని దీపం కింద చూస్తే పగులు సరిగ్గా పాత రంపప్పన్ను మొదట్లో ఉంది. పళ్లన్నీ తీసేశాననుకున్నాను, ఒక్క గాడి మాత్రం గోరుకి తగిలీ తగలనంత మిగిలింది. ఈ బ్లేడు గట్టిది, గట్టిది కాబట్టే పెళుసు. సన్నటి ఫ్రెట్‌సా బ్లేడుని పళ్లు బయటికి చూసేలా దూర్చి లాగుతూ కూర్చుంటే నలభై నిమిషాలకి ఆ ముక్క వచ్చింది. ఆ నలభై నిమిషాలూ మా ఆవిడ పక్కనే నిలబడింది.

రెండోదానికి గాళ్లు పూర్తిగా పోయేదాకా అరగదీశాను. గ్రైండరు మీద రెండు సెకన్లకోసారి నీళ్లలో ముంచాను. మామూలు కార్బన్ ఉక్కు నీలం తిరిగిందంటే మెత్తబడినట్టే, తర్వాత వంగిపోతుంది. ఇది ఇప్పటిదాకా విరగలేదు. టెన్షన్ రెంచి మాత్రం పాత కారు వైపరులోని ఉక్కు పట్టీతో చేసింది, దానితో ఏ గొడవా లేదు.

తొడుగు లేని పిడిని అంతగా పొగిడాను గానీ, అరగంట పట్టుకుంటే వేళ్లలో గాడి పడుతోంది. చివరికి ఒక వరస ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకుని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం) తొడిగాను. టిక్కు ఇంకా తెలుస్తోంది, కాకపోతే మునుపటంత కాదు.

నాకు వైసూ గ్రైండరూ ఇంట్లోనే ఉన్నాయి, ఆదివారాలు ఖాళీ. అవి లేకుండా ఒక్క పిక్కు కోసం ఇంత తంటా పడమని ఎవరికీ చెప్పను. తాళం కన్నం ఇరుకుగా ఉండి బాగా లోతు హుక్కు కావాల్సి వస్తే, ఈమధ్య నేనూ కొన్న సెట్టులోదే తీస్తున్నాను.