పాత స్టేషన్ వ్యాగన్: ఇంజిన్‌తో పేచీ లేదు, పేచీ అంతా డిక్కీ తలుపుతోనే

నాది పాత స్టేషన్ వ్యాగన్, అంటే పైకప్పు వెనక దాకా సాగి, సీట్ల వెనకే డిక్కీ కలిసిపోయి ఉండే పొడవాటి కారు. బండి 3 లక్షల కిలోమీటర్లు దాటిందంటే చాలు, అందరూ ఇంజిన్ ఎలా ఉందనే అడుగుతారు. ఇంజిన్ బాగానే ఉంది. ఆయిల్, కూలెంట్ వేళకు మారుస్తున్నా, టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడల్లా వాటర్ పంపు కూడా మార్పించేస్తున్నా (నా బండిలో పంపును తిప్పేది ఆ బెల్టే, మళ్లీ అదంతా విప్పాలంటే కూలి దండగ), దాని పని అది చేసుకుపోతోంది. నా ప్రాణం తీసేది వెనకాల డిక్కీ తలుపు. తమాషా ఏంటంటే ఈ బండి కొన్నదే ఆ తలుపు చూసి.

పైకప్పు అంచు దాకా తెరుచుకుంటుంది, లోపల నేల చదునుగా, నడుము వంచక్కర్లేని ఎత్తులో ఉంటుంది, వెనక సీటు మడిస్తే నిచ్చెన, సైకిల్, విప్పని బీరువా అన్నీ లోపలికి జారిపోతాయి. ఎత్తు బండ్లలో బరువు పైకెత్తి పెట్టాలి, ఇందులో తోస్తే చాలు. ఈ సుఖానికి అలవాటు పడినవాళ్లు ఇంకో రకం బండికి మారడం కష్టం.

కానీ అంత పెద్ద తలుపుకి లైట్లు, వైపర్, అద్దం హీటర్, తాళం మోటార్, నంబర్ ప్లేట్ దీపం అన్నిటికీ కరెంటు వెళ్లాలి కదా. నా బండిలో ఆ వైర్లన్నీ పైన కీలు పక్కనున్న ఒక రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. తలుపు తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ అవి ఒకే చోట వంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ పైనున్న ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి పగులుతుంది, లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి.

నాకు ఇది మెల్లగా మొదలైంది. ముందు అద్దం మీది బ్రేక్ లైట్ వెలుగుతూ ఆరుతూ ఉండేది. తర్వాత వానలో వెనక వైపర్ ఆగింది. ఆ తర్వాత బ్రేక్ తొక్కితే నంబర్ ప్లేట్ దీపం మిణుకుమిణుకుమనేది! దానికి దీనికి సంబంధమేంటో అప్పుడు అర్థం కాలేదు. చివరికి తాళం మొరాయించింది. వర్క్‌షాప్‌లో కంప్యూటర్ పెట్టి చూసి, తాళం మోటార్ సర్క్యూట్ తెగిందని చూపిస్తోంది కాబట్టి మోటార్ పోయిందన్నారు. కొత్తది వేశారు, డబ్బు తీసుకున్నారు. కొన్నాళ్లు పనిచేసింది, మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి వైపర్ మోటార్ కూడా మార్చాలన్నారు. సర్క్యూట్ ఎక్కడో తెగిందని చెప్పడమే ఆ మెషిన్ పని, ఎక్కడ తెగిందో మనిషి వెతకాలి. అంత ఓపిక ఎవరికుంది?

ఈలోగా డిక్కీ నిండా సామాను ఉండగా తలుపు పూర్తిగా బిగుసుకుపోయింది. బయట తాళం చెవి పెట్టే కన్నం లేదు, అంతా బటన్ మీదే. పక్క తలుపుల్లోంచి సామానంతా బయటికి లాగి, వెనక సీటు మీదుగా లోపలికి పాక్కుంటూ వెళ్లి, టార్చి నోట్లో పెట్టుకుని, తలుపు లోపలి ప్లాస్టిక్ పలక ఊడదీసి, స్క్రూడ్రైవర్‌తో తాళం మీటను నొక్కితే తెరుచుకుంది. ఆ ఊపులో తలుపు సగం లేచినప్పుడు నంబర్ ప్లేట్ దీపం ఒక్కసారి వెలిగి ఆరింది. దొంగ అక్కడ దొరికాడు.

బ్యాటరీ తీసేసి ఆ రబ్బరు గొట్టం వెనక్కి లాగితే రెండు వైర్లు పూర్తిగా తెగి ఉన్నాయి. మిగతావి పైకి బాగానే కనిపించాయి, కానీ మెల్లగా లాగితే కొన్ని సాగాయి. అంటే లోపల రాగి తెగిపోయింది, తొడుగు మాత్రమే పట్టుకుని ఉంది. తెగినవాటిలో ఒకటి ఎర్త్ వైర్. తలుపులోని పరికరాలన్నిటి నుంచి కరెంటు తిరిగి వెళ్లడానికి అదొక్కటే దారి, అది తెగితే కరెంటు పక్క బల్బులోంచి దొడ్డిదారి వెతుక్కుంటుంది. బ్రేక్ తొక్కితే నంబర్ దీపం వెలగడం వెనక కథ అదే.

దీన్ని బాగుచేసేటప్పుడు చాలామంది తెగిన చోటే టంకం పెట్టి టేపు చుట్టేస్తారు. టంకం పోగుల్లోకి పాకి ఆ ముక్కను గట్టి కడ్డీలా చేస్తుంది, మళ్లీ దాని అంచునే తెగుతుంది. నేను వంగే భాగమంతా కోసి పారేసి, సిలికాన్ తొడుగున్న సన్నపోగుల మెత్తటి వైరు వేశాను. అతుకులు ఒకవైపు బండి లోపల, ఇంకోవైపు తలుపు లోపల, అసలు వంగని చోట, అదీ అన్నీ ఒకే వరసలో కాకుండా ఎడంగా, క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి) పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వేశాను. అద్దం హీటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దాని వైరు మందం తగ్గించకూడదు. వైపర్ నీళ్ల పైపు కూడా అదే గొట్టంలో ఉంది, పనిలో పని అదీ మార్చేశాను. ఇదంతా ఒక సెలవు రోజు పని, సామాన్ల ఖర్చు ఆ మోటార్ ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

ఇక పైన పొగిడినవాటి సంగతి. తలుపు పెద్దది అన్నానా, బరువూ అంతే. దాన్ని నిలబెట్టే గ్యాస్ రాడ్లలో ఒత్తిడి ఏళ్ల మీద తగ్గుతుంది, చలికాలంలో మరీనూ, నిశ్చింతగా వంగి సామాను సర్దుతుంటే నెత్తిన పడుతుంది. మార్చితే రెండూ కలిపి మార్చాలి, మార్చేటప్పుడు తలుపు కింద గట్టి ఊతం ఉండాలి. డిక్కీ నిండుగా నింపే అలవాటుకి వెనక స్ప్రింగులు కుంగాయి, దాంతో ముందు భాగం పైకి లేచి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లోకి కొడుతున్నాయి. డిక్కీకి సీట్లకి మధ్య గోడ ఉండదు కాబట్టి వెనక చక్రాల హోరు నేరుగా చెవుల్లోకే.

ఉంచుకోవాలా అంటే, నేనైతే ఉంచుకుంటున్నా. ఇంట్లో ఇంకో బండి ఉంది, మల్టీమీటర్ (వైర్లలో కరెంటు చూసే మీటర్) పట్టుకుని గంటలు గడపడం నాకు సరదా, ఇది నిలబడిపోయినా ఉద్యోగానికి ఇబ్బంది లేదు. ఇదొక్కటే బండి, ప్రతి రిపేరుకీ కూలి ఇవ్వాలి అనుకునేవాళ్లకి ఇలాంటి వైరింగ్ వెతుకులాట తడిసి మోపెడవుతుంది, వాళ్లను తీసుకోమని చెప్పలేను. పాత వ్యాగన్ చూడ్డానికి వెళ్తే మాత్రం ఇంజిన్ శబ్దం తర్వాత విందురుగాని, ముందు లైట్లన్నీ వేసి, లోపల ఒకరిని బ్రేక్ మీద కాలు పెట్టమని, డిక్కీ తలుపు మెల్లగా ఎత్తుతూ దించుతూ వెనక నిలబడి చూడండి. ఏ దీపమైనా మిణుకుమంటే ధర మాట్లాడే ముందు ఆ రబ్బరు గొట్టం లాగి చూపించమనండి.