మంచం వేసిన వ్యానుతో రెండుసార్లు నేపాల్: మూడేళ్ల వాడకం తర్వాత

బండి పేరు చెప్పను. బడిపిల్లల్నీ పాలక్యాన్లనీ మోసే చిన్న పెట్రోల్ వ్యాను అంటే మీకే తెలుస్తుంది. 2022లో దాన్ని క్యాంపర్‌గా, అంటే లోపలే పడుకుని తిరిగే బండిగా మార్పించాను. ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. నేనూ మా ఆవిడా అందులోనే విజయవాడ నుంచి రెండుసార్లు నేపాల్ వెళ్లొచ్చాం. ఎలా ఉందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నా. ఇది బండి మీద కాదు, అందులో చేయించిన మార్పుల మీద సమీక్ష.

మొదటిసారి పెట్టిన డబ్బు దండగ. ఒక వర్క్‌షాపువాళ్లు 18 ఎం.ఎం. ప్లైవుడ్‌తో మంచం, పక్కన అల్మరా, సింకు, పైన లైట్లు బిగించి ఇచ్చారు. ఫొటోల్లో అదిరిపోయింది. హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలీ సరిహద్దు దాకా దాదాపు 1,800 కిలోమీటర్లు హాయిగా వెళ్లిపోయాం. బుట్వల్ దాటి పాల్పా ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక అసలు రంగు బయటపడింది. థర్డ్ గేర్ వేస్తే చాలు, బండి మూలుగుతుంది. ఇంజిన్ ముందు సీట్ల కిందే కదా, సెగ నేరుగా పైకి కొడుతోంది. మా ఆవిడ సీటు మీద తువ్వాలు నాలుగు మడతలు వేసుకుని కూర్చుంది. వెనక అల్మరా మలుపు మలుపుకీ కిర్రుమంటోంది. పోఖరాలో దిగి బూట్లు వేసుకోబోతే లోపల రెండు స్క్రూలు దొరికాయి.

ఇంటికొచ్చాక బిగించిందంతా పీకించి కాటా మీద పెడితే 140 కిలోలు. ఇద్దరు మనుషుల్ని ఊరికే ఘాట్లో మోసుకెళ్లామన్నమాట.

రెండోసారి మా వీధి వడ్రంగి చేశాడు. పాత మంచాన్ని చూసి, "ఇంట్లో సామాను తెచ్చి బండిలో పెట్టారు సార్. బండి సామానంటే ఇద్దరు పట్టుకుని దింపేలా ఉండాలి" అన్నాడు. 12 ఎం.ఎం. వాటర్‌ప్రూఫ్ ప్లై, మూడు పలకలు, మడిచే కాళ్లు, బిగించడానికి బెల్టులు. బండి బాడీకి ఒక్క స్క్రూ కూడా కొట్టలేదు. పరవడానికి పది నిమిషాలు. ముందు సీట్లు పూర్తిగా జరిపితే ఐదడుగుల తొమ్మిదంగుళాల నేను కాళ్లు చాపుకోగలను. వెడల్పు మాత్రం తక్కువే. ఒకరు పక్కకు తిరగాలంటే రెండోవాళ్లకు చెప్పి తిరగాలి.

ఇలా బండికి ఏదీ బిగించకపోవడంలో ఇంకో లాభం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సీటు పీకి అల్మరా బిగించి, ఆర్సీలో మాత్రం ఐదు సీట్లని ఉంటే, ఆపినవాళ్లకు ఏం జవాబు చెప్తాం? మొదటి ట్రిప్పంతా నాకు అదే టెన్షన్.

సరిహద్దులో కూడా తేడా తెలిసింది. నేపాల్‌లో మన బండి తిరగాలంటే భన్సార్ కట్టాలి, అంటే రోజుల లెక్కన కస్టమ్స్ రుసుము. రెండుసార్లూ కౌంటర్ దగ్గరున్నాయన వెనక డోరు ఎత్తమన్నాడు. మొదటిసారి అల్మరా, అందులో పది కిలోల సోనామసూరి, సీసాలు చూసి అమ్మకానికా అని అడిగాడు. మా ఆవిడ గోంగూర పచ్చడి సీసా మూత తీసి చూపించింది. వాసన చూసి మొహం తిప్పుకుని రసీదు రాసేశాడు. రెండోసారి పరుపు, దుప్పట్లు చూసి నవ్వి పంపించాడు. ఆధార్‌ను మాత్రం నమ్ముకోకండి, 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు అక్కడ చెల్లదు. పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు కావాలి. బీమా పాలసీ నేపాల్‌కు దానంతటదే వర్తించదు, బయల్దేరే ముందే భౌగోళిక పరిధి పొడిగింపు చేయించుకోవాలి.

కరెంటు విషయంలో నేను చేసిన మంచి పని ఒక్కటే. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి 12.8 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించాను. అంటే సుమారు 1,280 వాట్ అవర్లు. ఫ్యాను, ఫోన్లు, చిన్న రైస్ కుక్కర్‌కు రెండు రోజులొస్తుంది. ఇండక్షన్ స్టవ్ పెడితే గంటలో అయిపోతుంది, ఆశపడకండి. గ్యాస్ స్టవ్ బండి లోపల వెలిగించం. వెనక డోరు ఎత్తితే అదే చూరు, దాని కింద నిలబడి వంట.

ఇంకా కుదరనిది చెమ్మ. నవంబరులో పోఖరాలో అద్దాలన్నీ మూసుకుని పడుకున్నాం. పొద్దున చూస్తే లోపలి రేకు మీద నీళ్లు బొట్లుగా జారుతున్నాయి, దిండు తడి. రెండు అద్దాలు రెండు వేళ్ల సందు తెరిచి అయస్కాంతాల దోమతెర పెడితే సగం తగ్గింది. మార్చిలో గోరఖ్‌పూర్ దగ్గర పడుకున్న రాత్రి ఆ తెరే మమ్మల్ని కాపాడింది.

మళ్లీ నవంబరులో బయల్దేరాలి. మంచం పలకలు ఇప్పుడు మేడ మీదున్నాయి. మా అత్తగారు వాటి మీద వడియాలు పెడుతున్నారు, బండిలోకి తిరిగి అడిగితే, "ఇవి ఎండాక చూద్దాంలే బాబూ" అంటున్నారు.