ఫ్రిస్కోనా, ప్లేనోనా, అలెనా? డాలస్‌లో పిల్లల స్కూల్ కోసం ఏది మేలు

డాలస్ వైపు మారుతున్న తెలుగువాళ్ళు మొట్టమొదట అడిగేది ఒకటే, ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళన్నిటినీ నడిపే సంస్థ) మంచిదండీ అని. అడిగిన ఐదు నిమిషాల్లో ఒకరు పదికి తొమ్మిది, పదికి పది అంటూ రేటింగులు పెట్టేస్తారు, ఇంకొకరు కళ్ళు మూసుకుని ఫ్రిస్కో తీసుకోండి అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. నాకైతే ఇది చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చదువు చెప్పడంలో ఈ మూడు డిస్ట్రిక్టులూ ఒకదానికొకటి తీసిపోవు, పైగా ఆ రేటింగుల్లో పెద్ద భాగం టెస్టు మార్కులే, ఇంట్లో అమ్మానాన్న ఇద్దరూ కూర్చోబెట్టి చదివించే చోట మార్కులు ఎలాగూ బాగానే వస్తాయి. అసలు తేడా హైస్కూల్ ఎలా కట్టుకున్నారు అన్న దాంట్లో ఉంది. ఫ్రిస్కో చిన్న చిన్న హైస్కూళ్ళు చాలా కట్టింది, ప్లేనో హైస్కూల్‌ని రెండు ముక్కలు చేసింది, అలెన్ ఊరంతటికీ ఒకటే పెట్టుకుంది. మీ పిల్లాడికి ఏది సరిపోతుందో ఇక్కడ తేలాలి, రేటింగ్ అంకె దగ్గర కాదు.

ఎలిమెంటరీ గురించి ఎక్కువ చెప్పను, మూడూ బాగుంటాయి. టెక్సాస్ చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో క్లాసు దాకా క్లాసుకి 22 మందే అని పరిమితి ఉంది, కాకపోతే డిస్ట్రిక్టులు మినహాయింపు అడిగి తెచ్చుకోవచ్చు కాబట్టి మీ స్కూల్లో నిజంగా ఎంతమంది ఉన్నారో కనుక్కోండి. ఇంటికి దగ్గరగా, ఇండియా నుంచి వచ్చిన తాతయ్యో నానమ్మో నడిచి వెళ్ళి తీసుకురాగలిగే స్కూల్ అయితే ఆ వయసులో అంతకంటే కావాల్సింది ఏమీ లేదు.

ఇక ఫ్రిస్కో. 2000 ప్రాంతంలో ఏడు వేల మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్, ఇరవై ఏళ్ళలో అరవై వేలు దాటేసింది. అంత వేగంగా పెరిగే ఊరు మామూలుగా అయితే నాలుగు పెద్ద హైస్కూళ్ళు కట్టి ఊరుకునేది, వీళ్ళు మాత్రం ఒక్కో హైస్కూల్‌ని రెండు వేల మంది దగ్గర ఆపాలని గట్టిగా పట్టుబట్టి పన్నెండు హైస్కూళ్ళు కట్టారు. సెంటెనియల్ 2003లో మొదలైంది, చివరిది పాంథర్ క్రీక్ 2022లో వచ్చింది. ఇలా చేయడంలో ఉద్దేశం చాలా సింపుల్, పన్నెండు స్కూళ్ళుంటే పన్నెండు బాస్కెట్‌బాల్ టీములు, పన్నెండు ఆర్కెస్ట్రాలు, పన్నెండు డిబేట్ టీములు, అంటే మామూలు పిల్లాడికి కూడా టీమ్‌లో చోటు దొరికే అవకాశం. నా లెక్కలో ఫ్రిస్కో చేసిన గొప్ప పని ఇదే, ఏ రేటింగ్‌లోనూ కనపడదు. నెమ్మదస్తుడైన పిల్లాడు, పిలిస్తే గానీ ముందుకు రాని పిల్ల, వీళ్ళకి ఇలాంటి చోట ఎవరో ఒక టీచర్ కంట్లో పడే వీలు ఎక్కువ.

చిన్న స్కూల్ అయితే ఖరీదైన ల్యాబులు ఎలా అని అడుగుతారు, దానికీ దారి చూసుకున్నారు. అన్ని హైస్కూళ్ళకీ కలిపి 2008లో ఒక సీటీఈ సెంటర్, అంటే వృత్తి విద్య నేర్పే సెంటర్ తెరిచారు, పిల్లలు సొంత స్కూల్ నుంచి బస్సెక్కి వచ్చి రోజులో కొన్ని పీరియడ్లు అక్కడ గడిపి వెళ్తారు. లోపల పశువైద్యం నేర్పే క్లాసులున్నాయి, వంట నేర్పే కిచెన్ ఉంది, లా తీసుకున్న పిల్లలు వాదించడానికి అచ్చం కోర్టు హాలు లాంటి గదే ఉంది. మన ఇళ్ళల్లో కంప్యూటర్ సైన్స్, లేదంటే మెడిసిన్, ఈ రెండు మాటలే విని పెరిగే పిల్లలు పదహారేళ్ళకే వేరే పనులు చేత్తో చేసి చూడగలగడం చిన్న విషయం కాదు, దయచేసి ఆ క్లాసులు తీసుకోనివ్వండి. ఫుట్‌బాల్‌కి కూడా అంతే, డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్‌తో కలిసి వాడుకునే ఫోర్డ్ సెంటర్ 2016లో వచ్చింది, 12,000 సీట్లు, పైకప్పున్న స్టేడియం, హైస్కూల్ పిల్లలు అందులో ఆడతారు.

ఫ్రిస్కోలో ఇబ్బంది ఏంటంటే జోనింగ్, అంటే ఏ ఇంటికి ఏ స్కూల్ అని గీసే గీతలు. కొత్త స్కూల్ తెరిచినప్పుడల్లా గీతలు మారతాయి, ఒక కమ్యూనిటీ ఒక స్కూల్ నుంచి ఇంకో స్కూల్‌కి పోతుంది. ఫలానా హైస్కూల్ అని ఆశపడి అదనంగా డబ్బు పోసి ఇల్లు కొన్నవాళ్ళకి మూడేళ్ళ తర్వాత వేరే స్కూల్ వస్తే గొడవే కదా. రెండోది పోటీ. ఈ డిస్ట్రిక్ట్‌లో ఇప్పుడు ఏషియన్ పిల్లలే అన్నిటికంటే పెద్ద గ్రూపు, అందులో మనవాళ్ళు బాగా ఎక్కువ. తోడు ఉంటుంది, తెలుగు నేర్పే మనబడి క్లాసుకి కార్‌పూల్ దొరుకుతుంది, దీపావళికి దుకాణాలన్నీ కళకళలాడతాయి, అది నిజంగా సంతోషమే. కానీ ఎనిమిదో క్లాసు వేసవిలోనే మావాడికి ఆల్జీబ్రా అయిపోయింది, జామెట్రీ కూడా క్రెడిట్ బై ఎగ్జామ్‌తో (క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి) కొట్టేశాడు అనే మాటలు పక్కింటి నుంచి వినపడుతుంటే మీ ఇంట్లో గాలి ఎలా ఉంటుందో ముందే ఆలోచించుకోవాలి.

ప్లేనో పద్ధతి చాలామంది కొత్తవాళ్ళకి అర్థం కాదు. అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది, పది మాత్రమే, పదకొండు పన్నెండుకి సీనియర్ హైస్కూల్ అని వేరే క్యాంపస్. క్లార్క్, వైన్స్ హైస్కూళ్ళ పిల్లలు ప్లేనో సీనియర్‌కి, జాస్పర్, షెప్టన్ పిల్లలు ప్లేనో వెస్ట్‌కి, విలియమ్స్, మెక్‌మిలెన్ పిల్లలు ప్లేనో ఈస్ట్‌కి వెళ్ళి కలుస్తారు. సీనియర్ హైలో ఉన్నవాళ్ళంతా పదహారు దాటినవాళ్ళే కాబట్టి క్యాంపస్ కాలేజీలా నడుస్తుంది, పెద్ద కోర్సు లిస్టు, ఏపీలు, అంటే కాలేజీ స్థాయి కోర్సులు, ఎన్ని కావాలంటే అన్ని. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ చదువు) కావాలంటే ప్లేనో ఈస్ట్‌లో ఉంది. మూస చదువు నచ్చని పిల్లలకి 2013లో తెరిచిన అకాడమీ హైస్కూల్ ఉంది, అది ప్రాజెక్టుల మీద నడిచే చిన్న స్కూల్.

దీని లోపం కూడా చెప్పాలి. తొమ్మిదిలో ఒక స్కూల్, పదకొండులో ఇంకో స్కూల్, అంటే రెండేళ్ళకోసారి మళ్ళీ మొదలు. తొమ్మిది పదిలో పిల్లని బాగా ఎరిగిన టీచర్లు కాలేజీ అప్లికేషన్ టైముకి పక్క బిల్డింగ్‌లో కూడా ఉండరు, సీనియర్ హైలో కౌన్సెలర్ కొత్త, టీచర్లు కొత్త, రికమెండేషన్ లెటర్ పదకొండులో పరిచయమైనవాళ్ళనే అడగాలి. కలుపుగోలు పిల్లలకి ఇదేం పెద్ద ఇబ్బంది కాదు గానీ బిడియం ఉన్న పిల్లలకి కష్టం. అయితే ఇదే పద్ధతి ఒక రకం కుటుంబానికి వరం అంటాను నేను. ఉద్యోగం మారో, ప్రాజెక్ట్ అయిపోయో పదో క్లాసు తర్వాత ఊరు మారాల్సి వచ్చినవాళ్ళు మనలో ఎంతమంది లేరు? పదకొండులో కొత్తగా ఏ హైస్కూల్లో దిగినా అప్పటికే జట్లు కట్టేసి ఉంటారు, లంచ్ టేబుల్ దగ్గర చోటుండదు. ప్లేనోలో ఆ ఏడాది రెండు స్కూళ్ళ పిల్లలు కలిసి కొత్త క్యాంపస్‌కి వస్తారు, అంటే మీవాడొక్కడే కొత్త కాదు. పదకొండో క్లాసు పిల్లతో డాలస్ వస్తున్నాం అని ఎవరైనా అడిగితే నేను ఇంకేం ఆలోచించకుండా ప్లేనో అంటాను.

అలెన్ది పూర్తిగా వేరే దారి. అలెన్ హైస్కూల్ ఒకటే, తొమ్మిదో క్లాసు లోరీ ఫ్రెష్‌మన్ సెంటర్‌లో, పది నుంచి పన్నెండు మెయిన్ క్యాంపస్‌లో, ఒక్క మెయిన్ క్యాంపస్‌లోనే దాదాపు ఐదు వేల మంది. టెక్సాస్ మొత్తంలో అతి పెద్ద హైస్కూళ్ళలో ఇదొకటి. 2012లో ఆరు కోట్ల డాలర్లతో 18,000 సీట్ల స్టేడియం కట్టారు, రెండేళ్ళు తిరగకుండానే కాంక్రీట్‌లో బీటలొచ్చి మూసేసి, 2015లో మళ్ళీ తెరిచారు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) దాకా వెళ్ళిన కైలర్ మర్రే ఇక్కడ ఆడిన 2012, 2013, 2014 మూడేళ్ళూ ఫుట్‌బాల్ స్టేట్ ఛాంపియన్‌షిప్ వీళ్ళదే. కానీ నేను చూడమనేది బ్యాండ్‌ని. శుక్రవారం రాత్రి హాఫ్‌టైమ్‌లో వందలకొద్దీ పిల్లలు యూనిఫామ్‌లో వరసలు వరసలుగా దిగుతుంటే ఫీల్డ్ ఒక చివర నుంచి ఇంకో చివరకి నిండిపోతుంది, ఇంకా వస్తూనే ఉంటారు. టీమ్‌లో చోటు అన్న విషయంలో ఫ్రిస్కోకీ అలెన్‌కీ తేడా అక్కడే తెలుస్తుంది. బ్యాండ్ ఎంతమందినైనా కలుపుకుంటుంది, టెన్నిస్ వర్సిటీ, అంటే స్కూల్ తరఫున ఆడే మెయిన్ టీమ్, కలుపుకోదు, ఏడు వేల మంది పిల్లల్లోంచి కొద్దిమందే. మీ పిల్లకి ఏదైనా ఆటలో నిజంగా పిచ్చి ఉండి, రాష్ట్రస్థాయికి దగ్గర్లో లేకపోతే, అలెన్‌లో ఆ ఆట హైస్కూల్ దాకా సాగడం కష్టమే.

అలెన్‌లో నాకు బాగా నచ్చేది నిశ్చింత. ఆ డిస్ట్రిక్ట్‌లో ఎక్కడ ఇల్లు తీసుకున్నా, అపార్ట్‌మెంట్లో అద్దెకున్నా, హైస్కూల్ అదే. రెండు ఎలిమెంటరీలు 2023లో మూతపడ్డాయి, ఆ చిన్నపిల్లల స్కూళ్ళు మారాయి, కానీ హైస్కూల్ దగ్గర గీత మారడం అన్న మాటే లేదు. ఫలానా హైస్కూల్ జోన్ అని చెప్పి యాభై వేలు ఎక్కువ అడగడానికి కుదరదు, ఇది కొనేవాళ్ళకి ఎంత మేలో ఇల్లు వెతికినవాళ్ళకే తెలుస్తుంది.

ర్యాంకు విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు నిద్ర పాడుచేసుకునేది దీని గురించే. టెక్సాస్‌లో 1997 నుంచి ఉన్న చట్టం ప్రకారం క్లాసులో టాప్ 10 శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది, ఒక్క యూటీ ఆస్టిన్ మాత్రం దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 6 శాతం చేసి, 2026 ఫాల్ అడ్మిషన్లకి 5 శాతానికి దించింది. 500 మంది క్లాసులో 5 శాతం అంటే 25 మంది, 1,600 మంది క్లాసులో అయితే 80 మంది. శాతం ఒకటే కదా అంటారు, నిజమే, కానీ 25లో ఉండాలంటే ఒక్క సెమిస్టర్‌లో ఒక బి వస్తే జారిపోవచ్చు, మనలాంటి ఇళ్ళ పిల్లలే నిండిపోయిన చిన్న స్కూల్లో ఆ జారుడు ఇంకా ఎక్కువ. రకరకాల ఇళ్ళ పిల్లలున్న పెద్ద క్లాసులో కొంచెం ఊపిరాడుతుంది అని నా అభిప్రాయం. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆటోమేటిక్ అంటే యూనివర్సిటీలో సీటే గానీ కంప్యూటర్ సైన్స్‌లోనో బిజినెస్‌లోనో సీటు కాదు, ఆ మేజర్లకి విడిగా చూస్తారు. కేవలం ర్యాంకు కోసం పిల్లాడిని ఇష్టమైన ఆర్కెస్ట్రా మానిపించి ఇంకో ఏపీ ఎక్కించే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

డబ్బుల సంగతికొస్తే మూడింటికీ ఒకటే బెంగ. రాష్ట్రం ఒక్కో పిల్లాడికి ఇచ్చే మూల మొత్తం 2019లో 6,160 డాలర్లు చేసి అక్కడే వదిలేసింది, 2025లో పెంచింది 55 డాలర్లు. ఈ మధ్యలో గుడ్ల ధర ఎంత పెరిగిందో, టీచర్ ఇంటి అద్దె ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. ఇళ్ళు ఖరీదైపోయి చిన్నపిల్లలున్న జంటలు ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాస్పర్, సెలైనా ఊళ్ళ వైపు వెళ్ళిపోతుంటే ఇక్కడ పిల్లలు తగ్గుతున్నారు. ప్లేనో ఒకప్పుడు 55 వేలు దాటి ఇప్పుడు 48 వేల కిందకి వచ్చింది, 2024 జూన్‌లో ఓటేసి రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్ళు మూసేయాలని నిర్ణయించారు. ఫ్రిస్కో కూడా స్టేలీ మిడిల్ స్కూల్ మూసేయాలని తేల్చింది, అంతకు కొంచెం ముందే 2024 నవంబర్‌లో స్కూల్ పన్ను రేటు పెంపునీ, వంద కోట్ల డాలర్లు దాటిన బాండ్లనీ (డిస్ట్రిక్ట్ తెచ్చుకునే అప్పు) ఓటర్లు మొత్తానికి మొత్తం తిప్పికొట్టారు. మంచి స్కూళ్ళు అని చెప్పి అంత దూరం నుంచి వచ్చి ఇళ్ళు కొంటాం, ఆ స్కూళ్ళ బడ్జెట్ ఓటుకొచ్చిన రోజు వెళ్ళం. హెచ్1బీ, గ్రీన్‌కార్డ్ వాళ్ళకి ఓటు లేదు, సరే, కానీ సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదండీ, స్కూల్ బోర్డు ట్రస్టీల ఎలక్షన్ జరుగుతుందన్న సంగతే చాలా ఇళ్ళల్లో తెలీదు. పెంపు మంచిదా కాదా అన్నది మీ ఇష్టం, వెళ్ళి ఏదో ఒకటి వెయ్యండి.

ఇక్కడే ఇంకో సంగతి. టెక్సాస్ డబ్బు ఇచ్చేది పేరు రాయించుకున్న పిల్లల లెక్కన కాదు, రోజూ క్లాసుకి వచ్చినవాళ్ళ సగటు మీద. డిసెంబర్‌లో సెలవలకి ఇటు ఒక వారం అటు రెండు వారాలు కలిపి ఇండియా వెళ్ళొస్తే ఆ రోజులన్నిటికీ స్కూల్‌కి పైసలు పోతాయి, పైగా 90 శాతం హాజరు లేకపోతే ఆ కోర్సు పూర్తిచేసినట్టు ఇచ్చే క్రెడిట్ కూడా ఆపొచ్చు. పెళ్ళిళ్ళూ పేరంటాలూ తప్పవు, నాకూ తెలుసు, టికెట్లు తక్కువున్నప్పుడే వెళ్తాం. హైస్కూల్ పిల్లలుంటే మాత్రం వేసవికి పెట్టుకోండి, లేదంటే టికెట్ కొనేముందే అటెండెన్స్ ఆఫీసులో మాట్లాడండి.

ఇల్లు చూసేటప్పుడు ఊరి పేరు చూసి డిస్ట్రిక్ట్ అనుకోవద్దు. ఫ్రిస్కో సిటీలో కొంత ప్రాస్పర్ డిస్ట్రిక్ట్‌కి, కొంత లూయిస్‌విల్‌కి, కొంత లిటిల్ ఎల్మ్‌కి పోతుంది, అదే మెకిన్నీలో క్రెయిగ్ రాంచ్ వైపు, ప్లేనోలో ఉత్తరం వైపు కొన్ని ఇళ్ళు ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి, అక్కడ ఒక్కోసారి కాస్త తక్కువలో ఇల్లు దొరుకుతుంది కూడా. లిస్టింగ్‌లో రాసిన స్కూల్ పేర్లు నమ్మొద్దు, రియల్టర్ మంచివాడే అయినా సరే, డిస్ట్రిక్ట్ సొంత వెబ్‌సైట్‌లో ఇంటి నంబర్ కొట్టి వచ్చే ఏడాది జోన్ ఏదో చూసుకుని, అనుమానం ఉంటే ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండాలి, చేర్చేటప్పుడు లీజ్ కాపీ గానీ కరెంట్ బిల్లు గానీ అడుగుతారు, ఇండియా నుంచి నేరుగా వస్తుంటే పిల్లల టీకాల కార్డు మీద తేదీలు చదవగలిగేలా ఉన్నాయో లేదో అక్కడే డాక్టర్ చేత చూపించి సంతకం పెట్టించుకుని రండి.