పొగతోటలో సస్పెన్స్ కథల క్లాసు: పొద్దున సూపర్, మధ్యాన్నం నిద్ర

నెల్లూరు పొగతోటంటే ఆస్పత్రులూ మందుల షాపులే గదా అనుకుంటాం, ఆ సందుల్లోనే ఒక మేడ మీద ఆదివారం పూట కథలు రాయడం నేర్పిస్తా ఉండారు, టాపిక్కు సస్పెన్స్. ఫీజు 800. పేరు మాత్రం రాయను, కింద కొంచెం తిట్టేది ఉంది.

ముందు బాగున్నది చెప్తా. పొద్దున క్లాసు చెప్పే సార్ రిటైర్డ్ తెలుగు లెక్చరరు. ఒకమ్మాయి రాసుకొచ్చిన వాక్యం బోర్డు మీద ఎక్కించారు: "ఆ భయంకరమైన అర్ధరాత్రి వింతైన చప్పుడు విని సుబ్బమ్మ భయంతో వణికిపోయింది." భయంకరమైన కొట్టేశారు, వింతైన కొట్టేశారు, వణుకు కూడా కొట్టేసి "అంతా సుబ్బమ్మే భయపడిపోతే చదివేవాడికి ఏం మిగిల్చావమ్మా" అన్నారు. చివరికి అయింది ఇదీ: "కరెంటు పోయింది. ఫ్యాను ఆగినాక వినపడింది సుబ్బమ్మకి. పెరటి తలుపు గొళ్ళెం కదుల్తా ఉంది." అంటే ఆ చప్పుడు ఇందాకట్నించీ ఉందన్నమాట, ఫ్యాను హోరులో తెలీలేదంతే! పట్టపగలు, నెల్లూరు ఎండలో, ఒళ్ళు జలదరించింది నాకు.

క్రియ గురించి చెప్పింది ఇంకా నచ్చింది. మనకి అసలు క్రియ చివర్లో గదా వచ్చేది, కాబట్టి గొళ్ళెం తీసి, తలుపు తోసి, సెల్లు లైటు ఎత్తి పట్టుకుని, అని ఎంతసేపైనా సాగదీయొచ్చు, చదివేవాడు ఊపిరి బిగబట్టుకుని ఆ చివరి మాట కోసం చూస్తానే ఉంటాడు. అట్నే "లోపలికొచ్చింది" అని ఊరుకుంటే వచ్చింది ఆడమనిషో, కుక్కో, ఇంకేదన్నానో తెలీదు. హంతకుడు ఆడో మగో దాచాలంటే మాత్రం తిప్పలే, వచ్చాడు అని రాశామా దొరికిపోయాం, అందుకే డిటెక్టివ్ నవలల్లో ఊరికే "ఆకారం" కదుల్తా ఉంటది, "నీడ" ఆగతా ఉంటది.

తర్వాత సస్పెన్స్ సినిమాల డైరెక్టరు హిచ్‌కాక్, ఫ్రెంచి డైరెక్టరు ట్రూఫోకి చెప్పిన బాంబు సంగతి. టేబుల్ కింద బాంబుందని చూసేవాళ్ళకి తెలీకపోతే పేలినప్పుడు 15 సెకన్ల ఉలికిపాటు, ముందే చూపిస్తే 15 నిమిషాల సస్పెన్స్. సార్ దాన్ని ఆత్మకూరు బస్టాండు టీకొట్టు బల్ల కిందికి తెచ్చి, ఒకే సీను రెండు రకాలుగా రాయమన్నారు. నేను ఇద్దరు రొయ్యల రైతుల్ని కూర్చోబెట్టి వంద కౌంటు (అంటే కిలోకి వంద రొయ్యలు తూగేది) రేటెంత, మేత ఖర్చెంత అని మాట్లాడించా. మామూలుగా అయితే ఎవడు చదువుతాడబ్బా ఆ సోది, కానీ బల్ల కింద బ్యాగుందని మొదటి లైన్లో చెప్పేసరికి ఇంకో టీ చెప్పినప్పుడల్లా లేచి పొండిరా నాయనా అని అరవాలనిపించింది.

ఇంక మధ్యాన్నం. వేరే ఆయనొచ్చి జిరాక్సు కాగితాలు పంచి పది పేజీలకో ట్విస్టు పెట్టాలని చదివాడు. అంతే, చదివాడు. వెనక బెంచీలో ఒకాయన గురక. ఏసీ ఉందన్నారు గానీ పనిచెయ్యలా. మన కథలకి రాతపూర్వకంగా కామెంట్లు ఇస్తామని ఫీజు కట్టేటప్పుడు చెప్పారు, ఇప్పటిదాకా రాలేదు, వాట్సాప్‌లో అడిగితే నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు.

5కి 3 ఇస్తా, ఆ మూడూ పొద్దుటి సార్‌కే. పొద్దున పూట ఒక్కటే వేరేగా పెట్టి ఫీజు తగ్గిస్తే మళ్ళీ పోతా. బండ్లు పెట్టుకునే చోటు లేదు, పక్క ఆస్పత్రి వాచ్‌మెన్ పెట్టనియ్యడు, ఆటోలో పోండి.