పన్నెండు సీజన్లు తెలుగు టైటాన్స్‌తో: ఒక బెజవాడ అభిమాని సమీక్ష

ఢిల్లీలో 2025 ప్రో కబడ్డీ ఫైనల్ అయిపోయిన మూడు వారాలకు ఇది రాస్తున్నాను. ఆవేశం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. ఏ వస్తువైనా ఆర్నెల్లు వాడితే దాని మంచీచెడూ తెలిసిపోతుంది. ఈ జట్టును నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను. మూడో స్థానంలో నిలిచినప్పుడు చూశాను, వరసగా మూడు సీజన్లు అట్టడుగున పడి ఉన్నప్పుడూ ఛానల్ మార్చకుండా చూశాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ పన్నెండు సీజన్లలో నాకు ఒక జట్టు కనిపించింది 2025లోనే. అంతకుముందు కనిపించింది ఒక ఆటగాడు, అతని చుట్టూ ఇంకో ఆరుగురు.

2014 జులై ఆఖర్లో ప్రో కబడ్డీ మొదలైంది. రాష్ట్రం రెండుగా విడిపోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఎనిమిది జట్లలో చాలావరకు ఢిల్లీ, పాట్నా, జైపూర్, పుణె అని ఊళ్ళ పేర్లు పెట్టుకుంటే, మనది మాత్రం భాష పేరు పెట్టుకుంది. ఆ పేరు విన్నప్పుడే ఈ జట్టు నాది అనుకున్నాను. హైదరాబాద్ వాళ్ళది కాదు, వైజాగ్ వాళ్ళది కాదు, తెలుగు మాట్లాడే అందరిదీ. ఆ రోజుల్లో మనుషులు ఎంత నొచ్చుకుని ఉన్నారో గుర్తున్నవాళ్ళకు నేను చెప్పేది అర్థమవుతుంది.

మా నాన్నది ఉయ్యూరు దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు సంక్రాంతి పోటీల్లో కూతకెళ్ళినవారు. టీవీలో మొదటిసారి మ్యాట్ మీద బూట్లేసుకుని ఆడుతుంటే చూసి, "మట్టి అంటకుండా కబడ్డీ ఏంట్రా" అన్నారు. కూతకి ముప్పై సెకన్లే అనేసరికి ఇంకా నచ్చలేదు. ఊపిరి ఉన్నంతసేపూ ఆడేది కదా మన చెడుగుడు! పది నిమిషాలు పోయాక రాహుల్ చౌదరి ఒక కూతకెళ్ళాడు. మూల మీద ఉన్నవాణ్ణి చూస్తున్నట్టే చూసి, పక్కవాడి భుజానికి చెయ్యి తగిలించి గీత దాటేశాడు. నాన్న కుర్చీలో ముందుకు జరిగారు. అప్పట్నుంచి మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి సీరియల్ గొడవ లేదు.

రాహుల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ కుర్రాడు ఆరు సీజన్లు మన జెర్సీ వేసుకుని మనవాడైపోయాడు. 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో స్థానం అతని చలవే. కానీ అప్పుడే ఒక జబ్బు కూడా పట్టుకుంది. మూడో కూత తప్పనిసరిగా పాయింటు తేవాల్సి వస్తే రాహుల్, ఆలౌట్ అంచున నిలబడితే రాహుల్, చివరి రెండు నిమిషాల్లోనూ రాహుల్. అతన్ని పట్టేసి బెంచి మీద కూర్చోబెడితే చాలు, మిగతావాళ్ళు దిక్కులు చూసేవాళ్ళు. ఎదుటి జట్లకు ఈ సంగతి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

2019లో అతన్ని వదిలేశారు. వేలంలో తమిళ్ తలైవాస్ జట్టు 94 లక్షలకు తీసుకుంది. మనవాళ్ళు కూతకెళ్ళే ఇంకో ఆటగాడు (రైడర్) సిద్ధార్థ్ దేశాయ్ కోసం కోటీ నలభై అయిదు లక్షలు పెట్టారు. ఆ ఏడాది జులై 21, ఆదివారం, గచ్చిబౌలిలో తలైవాస్‌తో మ్యాచ్ చూడటానికి తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్ళాను. రాహుల్ వేరే జెర్సీలో బయటికి వచ్చాడు. స్టేడియం అంతా అతని పేరే. నా పక్కనున్న నడివయసు ఆయన మన జట్టు జెండా పట్టుకునే "రాహుల్, రాహుల్" అని అరుస్తున్నాడు. అరవకుండా ఉండటం నావల్ల కూడా కాలేదు. 39-26 తేడాతో ఓడాం, ఆ ఓటమిలో పెద్ద చెయ్యి రాహుల్‌దే. తిరుగు బస్సులో సూర్యాపేట దాటేదాకా కన్ను మూతపడలేదు.

తర్వాతి మూడు సీజన్ల గురించి ఎక్కువ రాయలేను, అంకెలే చెబుతాను. ఎనిమిదో సీజన్లో 22 మ్యాచ్‌లకు ఒక గెలుపు. తొమ్మిదిలో రెండు. పదిలో రెండు. మొత్తం 66 మ్యాచ్‌ల్లో అయిదు. మూడుసార్లూ ఆఖరి స్థానమే. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చారు, అప్పటికి అది లీగ్‌లోనే రికార్డు ధర. ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ అతను. పాపం, చెయ్యాల్సిందంతా చేశాడు, ఒక్కడే రెండొందల పైచిలుకు రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా గెలిచింది రెండు మ్యాచ్‌లే. ఒక్కడి మీద ఆధారపడితే ఏమవుతుందో అంతకన్నా స్పష్టంగా ఏ లెక్కా చెప్పదు.

2024లో కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చారు. మనం ఒక్క మ్యాచ్ గెలిచిన ఆ ఎనిమిదో సీజన్లో ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టింది ఈయనే. నేను తేడా గమనించింది పవన్ గాయంతో బయట కూర్చున్న రోజుల్లో. వెనకటిలాగైతే అక్కడితో మన కథ అయిపోయేది. అలాంటిది విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ పాయింట్లు తెచ్చారు, మూలన నిలబడే డిఫెండర్ అంకిత్ ఎదుటి రైడర్ల కాళ్ళు దొరకబుచ్చుకున్నాడు, మ్యాచ్‌లు గెలిచారు. 12 గెలుపులు, ఏడో స్థానం. ప్లేఆఫ్స్ (లీగ్ దశ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) అంచు దాకా వచ్చి ఆగిపోయాం. అయినా మనసుకు ఎంతో తేలిగ్గా అనిపించింది.

ఆ తర్వాత పవన్‌ని వదిలేసి, విజయ్‌ని కెప్టెన్ చేసి, భరత్ హుడాని 81 లక్షలకు తెచ్చారు. అప్పుడు నేను మండిపడ్డాను. షాపులో పని చేసే కుర్రాళ్ళతో "మళ్ళీ అట్టడుక్కే పోతాం, చూడండి" అన్నాను. నా అంచనా తప్పింది, అందుకు చాలా సంతోషంగా ఉంది.

పన్నెండో సీజన్ 2025 ఆగస్టు 29న వైజాగ్‌లోనే మొదలైంది. ఏడేళ్ళ తర్వాత అక్కడికి ప్రో కబడ్డీ వచ్చింది. వినాయక చవితి వెళ్ళిన రెండో రోజు. మా మేనల్లుడూ నేనూ పొద్దున్నే ఆరుంబావుకి రత్నాచల్ ఎక్కాం. వాడు కాలేజీ జట్టులో లెఫ్ట్ కార్నర్ ఆడతాడు. టికెట్ల దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. ఒక యాప్‌లో డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి, ఒక టికెట్టే వచ్చింది. మిగతా డబ్బులు తిరిగి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆన్‌లైన్‌లో తీసుకునేవాళ్ళు ఒకసారి డబ్బు కట్టాక ఓ పావుగంట ఆగి, మెసేజ్ వచ్చిందో లేదో చూసుకుని అప్పుడే మళ్ళీ ప్రయత్నించండి.

లోపలికి వెళ్ళాక అదంతా మర్చిపోయాను. ఎదుటి జట్టు మళ్ళీ తలైవాసే. ఈసారి ఆ జెర్సీలో పవన్! 2019 గచ్చిబౌలి నా కళ్ళ ముందు తిరిగింది. మా వాడు "టెన్షన్ పడకు మామయ్యా, ఇప్పుడు మనకు ఇద్దరున్నారు" అన్నాడు. 38-35తో ఓడాం. కానీ వాడి మాట నిజమే. విజయ్ బెంచి మీదున్నప్పుడు భరత్ వెళ్ళాడు, భరత్ దొరికిపోతే ఇంకొకడు లేచాడు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. వెనకటి నియమం ఉండి ఉంటే ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడినందుకు ఒక పాయింటు దక్కేది. ఈ సీజన్ నుంచి గెలిస్తే రెండు, ఓడితే సున్నా. ఈ మార్పు నాకు నచ్చలేదు. ఆఖరి కూతదాకా పోరాడినవాడికి ఏదో ఒకటి దక్కాలి.

దగ్గరనుంచి చూస్తేనే తెలిసే సంగతి ఇంకోటి ఉంది. టీవీలో కెమెరా ఎప్పుడూ రైడర్ మీదే ఉంటుంది. స్టేడియంలో నేను మూలనున్న శుభమ్ షిండేని చూస్తూ కూర్చున్నాను. రైడర్ బోనస్ గీత మీదకి కాలు చాపి, వెనక్కి తీసుకోవడానికి ఒళ్ళు తిప్పే ఆ అర సెకను కోసం అతను చూస్తాడు. అప్పటిదాకా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఏమీ పట్టనట్టే ఉంటాడు. అతను వంగేసరికే పక్కవాడు చేతులు కలిపి పట్టుకున్న చైను వదిలి అడ్డంగా వస్తున్నాడు. ఎవరూ కేక వెయ్యలేదు, సైగా చెయ్యలేదు. "అది ప్రాక్టీసు మామయ్యా, రోజుకి వంద సార్లు చేయిస్తారు" అన్నాడు మా వాడు. మన డిఫెన్స్‌లో ఈ ఒద్దిక ఇంతకుముందు నేను చూడలేదు.

తర్వాత జట్టు గాడిలో పడింది. లీగ్ దశ దాటి, బెంగళూరును 37-32తో కొట్టి, పాట్నాతో ఎలిమినేటర్ దాకా వచ్చాం, ఓడితే ఇంటికే. ఆ మ్యాచ్ అక్టోబరు 28న. అదే రాత్రి మొంథా తుపాను తీరం దాటుతోంది.

పటమటలో మా ఇంట్లో సాయంత్రం నుంచే కరెంటు లేదు. కిటికీ రెక్కలు తాడేసి కట్టాం. ఫోన్‌లో ముప్పై ఒక్క శాతం ఛార్జింగ్ ఉంది. తుపాను వార్తల కోసం దాచుకోవాల్సిన ఛార్జింగ్ అది. మా ఆవిడ నా ముఖం చూసి, "సరే, ఫోను శబ్దం మాత్రం తగ్గించండి, పిల్లలు పడుకున్నారు" అంది. నేనూ నాన్నా కొవ్వొత్తి పక్కన కూర్చుని, స్టీలు గ్లాసుకి ఫోను ఆనించి చూశాం. భరత్ కూతకెళ్ళాడు, ఇద్దరు నడుము పట్టారు, చెయ్యి గీతకి జానెడు దూరంలో ఉంది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. తెర మధ్యలో ఆ తెల్ల చక్రం తిరుగుతూనే ఉంది. బయట గాలి హోరు. నాన్న "వచ్చాడా, పట్టారా?" అని నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బొమ్మ వచ్చేసరికి మన స్కోరు రెండు పెరిగి ఉంది. ఆయన చెయ్యి వదల్లేదు, మ్యాచ్ అయ్యేదాకా. 46-39. అంతకుముందు వరసగా గెలుస్తూ వచ్చిన పాట్నా, అదీ అయాన్ లోహ్‌చబ్ లాంటి రైడర్ ఉన్న పాట్నా, మన చేతిలో ఓడింది. పదకొండేళ్ళలో నాకు దక్కిన మంచి రాత్రి అదే.

మర్నాడు పుణెతో క్వాలిఫయర్, గెలిస్తే ఫైనలే. మొదట్లో మనవాళ్ళే ముందున్నారు. తర్వాత ఆదిత్య షిండే అనే కుర్రాణ్ణి ఆపలేకపోయారు. 50-45. ప్లేఆఫ్‌లో నలభై అయిదు పాయింట్లు తెచ్చి కూడా ఓడామంటే తప్పు రైడర్లది కాదు. మూలలు అలిసిపోతే వాళ్ళ చోటికి రాగలిగిన డిఫెండర్ బెంచి మీద లేడు. ఒక పాయింటు వెనకబడగానే తొందరపడి రైడర్ మీదకి దూకడం కూడా మొదలైంది. ఆ పట్టులు జారి ఇద్దరేసి, ముగ్గురేసి అవుటయ్యారు. నా మార్కులడిగితే కూతలకు పదికి ఎనిమిదిన్నర, పట్టులకు ఆరున్నర, కోచ్‌కి తొమ్మిది, బెంచికి నాలుగు.

అసలు కొరత ఇంకోటి ఉంది. జట్టులో కీలకమైన పేర్లు చదవండి, హర్యానా, మహారాష్ట్ర వాళ్ళే ఎక్కువ. వాళ్ళను నేను నెత్తిన పెట్టుకుంటాను, అందులో అనుమానం లేదు. కానీ పేరులో తెలుగు ఉన్న జట్టుకి కృష్ణా, గుంటూరు పల్లెల్లో సంక్రాంతికి జరిగే పోటీలు కనపడకపోతే ఎలా? మా మేనల్లుడి కాలేజీ జట్టు మట్టిలోనే ప్రాక్టీసు చేస్తుంది. మ్యాట్ మీద పోటీకి వెళ్ళిన రోజు వాళ్ళ కాళ్ళు జారడం నా కళ్ళతో చూశాను. పట్టు తెలుసు, బలం ఉంది, బూటుతో మ్యాట్ మీద ఆగడం తెలియదు. పది మ్యాట్‌లు పది ఊళ్ళకు ఇచ్చి, ఏడాదికోసారి ఎంపిక పోటీలు పెడితే అయిదేళ్ళలో ఒక్కడైనా దొరకడా?

మ్యాచ్‌ల సంగతీ అంతే. హోమ్ మ్యాచ్‌లంటే హైదరాబాద్, లేదంటే వైజాగ్. మాకు ఒకటి 275 కిలోమీటర్లు, ఇంకోటి 350. మధ్యలో ఉన్న మా ఊళ్ళో దండమూడి రాజగోపాలరావు గారి పేరు మీద ఇండోర్ స్టేడియం ఉంది. దానికి చెయ్యాల్సిన మరమ్మతులేవో చేసి నాలుగు రోజులు, నాలుగే రోజులు ఇక్కడ ఆడించండి. గుంటూరు, తెనాలి, మచిలీపట్నం, ఏలూరు నుంచి జనం గంటా గంటన్నరలో వచ్చేస్తారు.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. తెలుగు వ్యాఖ్యానంతో చూడండి. మొదటి వారం రైడర్‌ని చూడండి, రెండో వారం నుంచి మూలలను చూడండి. ఆట వేరేగా కనిపిస్తుంది.

ఇక వచ్చే సీజన్ ఆటగాళ్ళ వేలం కోసం ఎదురుచూస్తున్నాను. విజయ్‌ని, భరత్‌ని, శుభమ్‌ని వదలకుండా, రెండు కోట్ల స్టార్ వెంట పడకుండా, ఆ డబ్బుతో ఇద్దరు మంచి డిఫెండర్లను తెచ్చుకుంటే నాకు చాలు. నాన్నకి డెబ్భై ఆరు. వచ్చే సీజన్ మొదటి మ్యాచ్‌కి తనూ వస్తానన్నారు, రత్నాచల్‌లో కిటికీ సీటు కావాలన్నారు. షెడ్యూలు వచ్చిన రోజే మూడు టికెట్లు తీస్తాను.