జనరలైజ్డ్-ఆల్ఫా పద్ధతి: రెక్కల ఫ్లటర్ లెక్కల్లో కొన్నేళ్ల వాడకం తరువాత

బెంగళూరులో విమాన రెక్కల ఫ్లటర్ (గాలి వేగం ఒక హద్దు దాటితే రెక్క కంపనాలు తగ్గకుండా పెరుగుతూ పోవడం) లెక్కలు చేసే ఒక చిన్న బృందంలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. రెక్క నిర్మాణం వైపు సమయ సమాకలనానికి, అంటే రెక్క కదలికను చిన్న చిన్న కాల ఖండాలుగా (టైమ్ స్టెప్‌లుగా) ముందుకు లెక్కించడానికి, ఇన్నాళ్లూ జనరలైజ్డ్-ఆల్ఫా పద్ధతినే వాడుతూ వచ్చాను. సమీకరణాలూ స్థిరత్వ నిరూపణలూ ఈ పని చేసేవారికి తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. ఈ పద్ధతి మీద నాకున్న అభిమానమంతా అందులోని ఒకే ఒక్క పరామితి వల్ల వచ్చింది. అది రో-ఇన్ఫినిటీ, అంటే అత్యధిక పౌనఃపున్యపు కంపనంలో ప్రతి టైమ్ స్టెప్‌కు ఎంత వంతు మిగలాలో చెప్పే సంఖ్య.

1993లో చంగ్, హల్బర్ట్ ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు, 0కీ 1కీ మధ్య ఈ ఒక్క సంఖ్యను ఎంచుకుంటే మిగిలిన నాలుగు గుణకాలూ వాటంతట అవే తేలిపోయేలా అమర్చారు. 1 పెడితే కృత్రిమ డ్యాంపింగ్ (లెక్క పద్ధతే కంపనాలను అణచడం) అసలు ఉండదు. 0 పెడితే అత్యధిక పౌనఃపున్యపు కంపనాలు ఒక్క టైమ్ స్టెప్‌లోనే అణగిపోతాయి. రెక్కను వేల షెల్ ఎలిమెంట్లతో (పలుచని పలకల్లాంటి చిన్న ముక్కలతో) నమూనా చేసినవారికి దీని విలువ తెలుస్తుంది. ఆ నమూనాలోని పై మోడ్లు (అధిక పౌనఃపున్యపు కంపన రీతులు) రెక్కవి కావు, మెష్‌వి, అంటే ఆ ముక్కల వలవి. గాలి ప్రవాహం గ్రిడ్ నుంచి నిర్మాణం గ్రిడ్‌కు ఒత్తిడి బదిలీ అయ్యేటప్పుడు వచ్చే గరుకుదనం సరిగ్గా వాటినే రెచ్చగొడుతుంది.

అంతకుముందు మా దగ్గర న్యూమార్క్ అనే మరో సమయ సమాకలన పద్ధతిలో గామా అనే గుణకాన్ని 0.6కు పెంచి ఆ మోడ్లను అణచే అలవాటుండేది. అది ఊకతో పాటు గింజనూ ఎగరగొట్టే చేట లాంటిది. ఒక డోలనాన్ని 50 టైమ్ స్టెప్‌లుగా విడగొట్టినా, ఆ గామా దగ్గర రెక్క అసలు మోడ్‌కు సుమారు 0.6 శాతం కృత్రిమ డ్యాంపింగ్ వచ్చి చేరుతుంది. ఫ్లటర్ అంటేనే డ్యాంపింగ్ సున్నాను దాటే చోటు కనుక ఇది చిన్న దోషం కాదు. లెక్కలో ఫ్లటర్ వేగం అసలు కంటే ఎక్కువగా, అంటే ప్రమాదకరమైన వైపుకు తప్పుగా వస్తుంది. ఈ నగరంలోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాలలో ఉన్న 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్ (ధ్వని వేగానికి తక్కువ, దగ్గర, ఎక్కువ వేగాల్లో పరీక్షించే గాలి సొరంగం) వంటి చోటికి నమూనాను పంపే ముందు ఆ సంఖ్య మీద సంతకం పెట్టేవారికి ఇది ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు. 1977 నాటి హెచ్‌హెచ్‌టీ-ఆల్ఫా పద్ధతి ఈ బాధను చాలావరకు తీర్చింది గాని, అందులో రో-ఇన్ఫినిటీ 0.5 కంటే దిగదు. జనరలైజ్డ్-ఆల్ఫాలో ఆ హద్దు లేదు. పైగా కింది మోడ్లకు తగిలే డ్యాంపింగ్ టైమ్ స్టెప్ ఘనంతో పాటు తగ్గిపోతుంది.

ఇంత నమ్మకం పెట్టుకున్న పద్ధతి మీద అనుమానం కలిగించిన సంఘటన ఒకటి జరిగింది. గాలి లెక్కనూ నిర్మాణం లెక్కనూ కలిపి నడిపే కొత్త కప్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు, అందరూ పరీక్షగా వాడే ఆగార్డ్ 445.6 రెక్కను దానిమీద నడిపాము. ఇది నాసా లాంగ్లీ ట్రాన్సోనిక్ డైనమిక్స్ టన్నెల్‌లో పరీక్షించిన రెక్క. 45 డిగ్రీల స్వీప్ (రెక్క వెనక్కి వాలిన కోణం), మొదటి వంపు మోడ్ సుమారు 9.6 హెర్ట్జ్, మొదటి మెలి మోడ్ సుమారు 38 హెర్ట్జ్. మాక్ 0.901 (ధ్వని వేగంలో 0.901 వంతు) దగ్గర, ప్రయోగంలో ఫ్లటర్ వచ్చిన డైనమిక్ ప్రెషర్‌కు (గాలి వేగం వల్ల వచ్చే ఒత్తిడికి) చాలా తక్కువలో, డోలనం తగ్గుతూ పోవాలి. మా తెరమీద అది నెమ్మదిగా పెరుగుతూ పోయింది. రో-ఇన్ఫినిటీని 0.8 నుంచి 0.5కు, అక్కడి నుంచి 0కు దించినా ఆ పెరుగుదల వేగం మారలేదు.

బృందంలో మా అందరికంటే పెద్దవారైన నెల్లూరు మిత్రులొకరు, “రోను వదిలేయండి, ముందు టైమ్ స్టెప్ సగం చేసి చూద్దామండీ” అన్నారు. సగం చేస్తే పెరుగుదల వేగం కూడా సరిగ్గా సగమైంది. నిజమైన ఫ్లటర్ అయితే టైమ్ స్టెప్‌ను లెక్కచేయదు. రెండో తరగతి పద్ధతి (టైమ్ స్టెప్ వర్గంతో పాటు దోషం తగ్గే పద్ధతి) దోషమైతే నాలుగో వంతుకు పడిపోవాలి. సగమే తగ్గిందంటే అది మొదటి తరగతి దోషం. నిర్మాణం వైపు జనరలైజ్డ్-ఆల్ఫా, ప్రవాహం వైపు బీడీఎఫ్-2 అనే సమయ సమాకలన పద్ధతి, రెండూ రెండో తరగతివే కనుక దోషం వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో ఉండాలి.

అక్కడే దొరికింది. ఆ సాఫ్ట్‌వేర్ ప్రవాహం మెష్‌ను గత టైమ్ స్టెప్ నాటి రెక్క ఆకృతికే కదిలించి, అందులోంచి వచ్చిన ఒత్తిడిని కొత్త టైమ్ స్టెప్ ఒత్తిడిగా నిర్మాణానికి అందిస్తోంది. వెనక్కి స్వీప్ చేసిన రెక్క పైకి వంగినప్పుడు దాని దాడి కోణం తగ్గి లిఫ్ట్ పడిపోతుంది, అంటే గాలి అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది. ఆ స్ప్రింగు బలం ఒక టైమ్ స్టెప్ ఆలస్యంగా తగిలితే, ఆ ఆలస్యం రుణ డ్యాంపింగ్ అవుతుంది. రెక్కకు ఎవరూ ఇవ్వని శక్తి లెక్కలోంచి పుట్టుకొస్తుంది. ప్రస్తుత వేగం ఒకటిన్నర రెట్ల నుంచి గత వేగంలో సగం తీసివేసి, దాన్ని టైమ్ స్టెప్‌తో గుణించి స్థానానికి కలిపి ముందస్తు ఆకృతిని అంచనా వేసి మెష్‌కు ఇచ్చాము. బలాన్ని కూడా జనరలైజ్డ్-ఆల్ఫా తన సమీకరణాన్ని తూచే మధ్య కాలానికే అందేలా సరిచేశాము. డోలనం తగ్గుముఖం పట్టింది. ప్రతి టైమ్ స్టెప్‌లోనూ సబ్-ఇటరేషన్లు (గాలి, నిర్మాణం లెక్కలు పొసిగేదాకా మళ్లీ మళ్లీ చేయడం) పెట్టి చూసినా ఫలితం పెద్దగా కదలలేదు. రెక్కతో పోలిస్తే గాలి తేలిక కనుక ఆ ఖర్చు మాకు అవసరం కాలేదు.

అందువల్ల ఒక్క పరామితితో పని జరిగిపోతుందని మొదట్లో నేను తోటివారికి చెప్పే మాటను ఇప్పుడు నిర్మాణం వరకే అని చెబుతున్నాను. నాలుగైదు మోడ్లతోనే రెక్కను నడిపేవారికి అణచవలసిన మెష్ మోడ్లే ఉండవు. వారికి కృత్రిమ డ్యాంపింగ్ లేని సగటు త్వరణపు న్యూమార్క్ హాయిగా సరిపోతుంది. ఆరంభంలో త్వరణం లోడుతో పొసగకపోతే, రో-ఇన్ఫినిటీ 1కి దగ్గరగా ఉన్నప్పుడు ఆ కుదుపు చాలాసేపు వదలదు కూడా. నేను ఆరంభానికి 0.5, నివేదికకు వెళ్లే పరుగులకు 0.8 వాడుతున్నాను. ఇవి మా షెల్ నమూనాలకు, మా ట్రాన్సోనిక్ వేగాలకు కుదిరిన సంఖ్యలు. నీటిలో కదిలే హైడ్రోఫాయిల్ వంటి వాటిపై పనిచేసేవారికి యాడెడ్ మాస్ ప్రభావం (వస్తువుతో పాటు కదిలే నీటి జడత్వం కూడా చేరడం) వల్ల మా వదులు కప్లింగే (టైమ్ స్టెప్‌కు ఒక్కసారే ఇచ్చిపుచ్చుకోవడం) నిలవకపోవచ్చు కనుక, నా సంతృప్తిని వారు యథాతథంగా తీసుకోవద్దని కోరుతున్నాను.